నూటికి ఒకటి తక్కువ

భారత క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ టెస్టుల లెక్క 99 దగ్గర ఆగి పాతికేళ్ళు దాటింది. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో అందరికీ తెలుసు. తగ్గడం న్యాయమా కాదా అన్న దగ్గరే ఊరు రెండుగా చీలుతుంది. కంప్లి టీకొట్టులో మొదలైన ఆ వాదన వెంట అమెరికా బేస్‌బాల్ మైదానం దాకా వెళ్ళి వచ్చిన కథనం ఇది.

కర్ణాటకలో బళ్ళారి జిల్లా కంప్లిలో తుంగభద్ర వంతెన వైపు పోయే దారిలో ఒక టీకొట్టు ఉంది. డ్యాం గేట్లెత్తి నీళ్ళు గట్టిగా వదిలిన రోజుల్లో ఆ వంతెన మునిగిపోయి గంగావతి అవతల, మనం ఇవతల అయిపోతాం. వేసవిలో ఆ గొడవ లేదు. రాళ్ళు తేలిన నదిని చూస్తూ తీరిగ్గా కూర్చోవచ్చు. 2025 ఏప్రిల్లో అలా కూర్చున్న సాయంత్రమే ఫోన్లలో ఆ వార్త తిరిగింది. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఉత్తరం వైపు స్టాండుకు ఉన్న అజహరుద్దీన్ పేరు తీసేయాలని హైదరాబాద్ క్రికెట్ సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారు.

"ఏం తప్పు చేసినాడని తీస్తారప్పా పేరు? నూరు టెస్టులకు ఒకటి తక్కువ ఆడినోడు" అన్నాడు కోట వైపు నుంచి వచ్చే పెద్దాయన. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు మాట కంటే గట్టిగా వినపడింది.

"ఆ తక్కువ ఎందుకయ్యిందో కూడా చెప్పండి మరి" అన్నాడు పక్క క్యాంపు రైతు. "డబ్బు మచ్చ పడ్డ మనిషి పేరు గోడ మీద ఎందుకండీ? మా మనవడు అడిగితే ఏం చెప్పాలండీ?"

ఇక్కడ తెలుగు రెండు రకాలు. బళ్ళారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచీ ఉన్న సీమ తెలుగు ఒకటి. తుంగభద్ర డ్యాం కట్టాక గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొని, వరి వేసి, తమ ఊళ్ళకు 'క్యాంపు' అని పేరు పెట్టుకున్న వాళ్ళ తెలుగు రెండోది. ఆ రోజు ఒక్కో తెలుగు ఒక్కో పక్షం పట్టింది. మర్నాడు మళ్ళీ వింటే పక్షాలు మారిపోయి ఉన్నాయి. యాసను బట్టి తీర్పు రాదని అప్పుడే తెలిసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. అంబుడ్స్‌మన్ ఆదేశానికీ, మ్యాచ్ ఫిక్సింగ్‌కూ సంబంధం లేదు. అజహర్ సంఘానికి తానే అధ్యక్షుడిగా ఉండగా తన పేరే స్టాండుకు పెట్టుకోవడం తగదని ఒక క్లబ్బు వేసిన ఫిర్యాదు అది. ఆ నెల తిరక్కముందే తెలంగాణ హైకోర్టు ఆదేశం మీద స్టే ఇచ్చింది. టీకొట్టులో ఈ సంగతులు ఎవరికీ పట్టలేదు. అజహర్ పేరెత్తితే మాట నేరుగా ఫిక్సింగ్ నింద పడ్డ 2000 సంవత్సరానికే పోతుంది. కాగితం మీద ఏముందో చూసే ఓపిక లేదు, మనసులో తీర్పు ఎప్పుడో రాసి పెట్టుకున్నాం.

బంతి పడ్డ గది

నింద పడ్డ వీరుడు కంప్లికి కొత్త కాదు. ఈ ఊరి పేరు చరిత్రలో నిలిచిందే అలాంటి వాడి వల్ల. పద్నాలుగో శతాబ్దం మొదట్లో కంపిలరాయుడు ఈ నేల ఏలాడు. కొడుకు కుమార రాముడు. కన్నడ జానపదం ఆయన కథను తరతరాలుగా పాడుకుంటూ వచ్చింది.

ఆ కథలో గొడవంతా ఒక బంతితో మొదలవుతుంది. రాముడు చెండాట ఆడుతుంటే బంతి ఎగిరి సవతి తల్లి రత్నాజి అంతఃపురంలో పడుతుంది. తెచ్చుకోవడానికి లోపలికి పోతాడు. ఆమె మనసు పడుతుంది, ఇతను కాదంటాడు, ఆమె నింద వేస్తుంది. రాజు తల తీయమంటాడు. మంత్రి బైచప్ప మాత్రం రాముణ్ణి నేలమాళిగలో దాచి, ఇంకొకరి తల చూపిస్తాడు. తర్వాత ఢిల్లీ సైన్యం కోట మీదికి వచ్చినప్పుడు రాజు కొడుకును తలచుకుని ఏడిస్తే, మంత్రి మాళిగ తలుపు తీస్తాడు. వీరుడు బయటికొచ్చి కత్తి పడతాడు. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ సేనలు కంపిలి రాజ్యాన్ని తుడిచిపెట్టాయన్నది చరిత్ర. రాముడు మాళిగలోంచి రావడం జనం రాసుకున్న చరిత్ర.

మనకు సారంగధరుడి కథ తెలుసు. అక్కడ పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలింది, ఇక్కడ బంతి పడింది. రెండు కథల్లోనూ వినేవాడికి ఒక సుఖం ఉంది. గదిలో ఏం జరిగిందో కథ చెప్పేవాడు చూశాడు. అందుకే మనకు అనుమానం లేదు. కుమార రాముడు నిర్దోషి. కళ్ళు మూసుకుని దండం పెట్టొచ్చు.

అజహర్ కథలో ఆ సుఖం లేదు. మైదానంలో అతను చేసింది ప్రతి బంతీ చూశాం. గదిలో ఏం జరిగిందో ఒక్కరమూ చూడలేదు.

మణికట్టు

చూసింది ఏమిటో ముందు చెప్పుకుందాం. చూడని వాళ్ళకు ఈ వాదన అంతా వయసు మళ్ళిన వాళ్ళ గోలలా ఉంటుంది.

1984 డిసెంబర్ 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్ మీద మొదలైన టెస్టులో ఇరవై ఒక్క ఏళ్ళ హైదరాబాద్ కుర్రాడు మొదటిసారి దిగాడు. విఠల్‌వాడీ గల్లీల్లో ఆడి, ఆల్ సెయింట్స్ స్కూల్లో చదువుకున్న సన్నటి కుర్రాడు. 110 కొట్టాడు. తర్వాత మద్రాసులో 105, ఆ తర్వాత కాన్పూర్‌లో 122. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ చేసినవాడు ప్రపంచంలో అంతకు ముందు లేడు. ఊళ్ళో ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటి అరుగు మీద జనం కూడారని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత టీవీ వచ్చింది. మెడలో ఊగే తాయెత్తు, పైకి లేపిన కాలరు, ఫీల్డింగ్‌లో బంతి అందుకుని చూడకుండానే వెనక్కి విసిరే ఆ నిర్లక్ష్యం. అన్నిటికీ మించి మణికట్టు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని ఎవరైనా కవర్స్ వైపు కొడతారు. అజహర్ దాన్నే తిప్పి మిడ్‌వికెట్‌కు పంపేవాడు. బ్యాట్ కదిలినట్టు కూడా ఉండదు, చేతి చివర ఏదో చిన్న కీలు తిరిగినట్టుంటుంది. మా కాలంలో ఆ షాట్ కోసం మణికట్లు బెణికించుకున్న వాళ్ళు వీధికిద్దరు ఉన్నారు. వారిలో నేనొకణ్ణి. వేపకట్టెతో చేసిన బ్యాటు, టెన్నిస్ బంతి. మా అమ్మ పసుపు కట్టు కడుతూ "ఆ పిల్లోడు ఏం తింటాడో కనుక్కోరా ముందు" అంది.

1988లో బరోడాలో న్యూజిలాండ్ మీద 62 బంతుల్లో వన్డే సెంచరీ, అప్పటికి అదే అతి వేగం. 1990లో లార్డ్స్‌లో 121. 1996లో ఈడెన్‌లో దక్షిణాఫ్రికా మీద 74 బంతుల్లో సెంచరీ. 1997లో కేప్‌టౌన్‌లో సచిన్‌తో కలిసి 222 పరుగుల జోడీ. డెస్మండ్ హేన్స్ 8,648 పరుగుల వన్డే రికార్డు దాటి ముందుకు పోయి, 2000లో సచిన్ తనను దాటేదాకా ఆ మెట్టు మీద అజహరే ఉన్నాడు. మూడు ప్రపంచకప్‌లకు కెప్టెన్.

కన్నడ మిత్రులకూ అతను పరాయివాడు కాదు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ కోట్లా మైదానంలో అనిల్ కుంబ్లే పాకిస్తాన్ పది వికెట్లూ ఒక్కడే తీసినప్పుడు కెప్టెన్ అజహర్. పదో వికెట్ కుంబ్లేకే దక్కాలని అటు నుంచి వికెట్లకు దూరంగా బంతులేసిన శ్రీనాథ్ మనవాడు. అప్పుడు ఈ ఊళ్ళో కన్నడమూ తెలుగూ ఒకే గొంతుతో అరిచాయి.

బెంగళూరులో ఆఖరి నూరు

2000 మార్చి. 1999 ప్రపంచకప్ తర్వాత జట్టుకు దూరమైన అజహర్‌ను దక్షిణాఫ్రికాతో బెంగళూరు టెస్టుకు మళ్ళీ పిలిచారు. మొదటి ఇన్నింగ్స్‌లో 9. రెండో ఇన్నింగ్స్‌లో, ఓటమి ఖాయమైన మ్యాచ్‌లో, 102. భారత్ ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. పదమూడేళ్ళ తర్వాత సొంత గడ్డ మీద సిరీస్ పోయింది. అజహర్‌కు అది 99వ టెస్టు. ఆడిన మొదటి టెస్టులోనూ, ఆఖరి టెస్టులోనూ సెంచరీ కొట్టినట్టయింది. ఇక్కడి నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. అలా పోయి ఆ ఇన్నింగ్స్ చూసి వచ్చిన వాళ్ళు, మళ్ళీ చూడటం ఉండదని తెలిస్తే ఇంకాసేపు లేచి నిలబడే వాళ్ళమని అంటారు.

ఆ మ్యాచ్‌లో అవతలి కెప్టెన్ హన్సీ క్రోన్యే. ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు బుకీతో అతని ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. ముందు కాదన్నాడు, నాలుగు రోజుల్లో ఒప్పుకున్నాడు. జూన్‌లో దక్షిణాఫ్రికా వేసిన కింగ్ విచారణ కమిషన్ ముందు కూర్చుని, 1996లో కాన్పూర్ హోటల్ గదిలో తనకు బుకీని పరిచయం చేసింది అజహర్ అన్నాడు. బెంగళూరు టెస్టుకు ముందు తన జట్టులోనే ముగ్గురిని క్రోన్యే డబ్బు మాటతో కదిపి చూశాడన్నదీ ఆ విచారణలోనే బయటికొచ్చింది. మనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిన టెస్టు వెనక అలాంటి గది ఇంకొకటి ఉందన్నమాట.

కాన్పూర్ పేరు విన్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. మూడో వరస సెంచరీ అక్కడే. శ్రీలంక మీద ఒక్క పరుగు తేడాతో డబుల్ సెంచరీ పోగొట్టుకున్న 199 అక్కడే. క్రోన్యే చెప్పిన ఆ 1996 టెస్టులో అజహర్ 163 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు, భారత్ గెలిచింది. పగలు మైదానంలో 163, రాత్రి గదిలో బుకీ అని ఆరోపణ. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే మ్యాచ్‌లో. వీటిని కలిపి ఒక మనిషిని చేసుకోవడం మా తరానికి చేతకాలేదు.

సీబీఐ నివేదిక ఆ నవంబర్ మొదట్లో బయటికొచ్చింది. కొన్ని వన్డేలు కుదిర్చినట్టు అజహర్ తమ ముందు ఒప్పుకున్నాడని అందులో ఉంది. అజహర్ బయట ఆ మాట కాదన్నాడు. డిసెంబర్ 5న బోర్డు అతని మీదా, అజయ్ శర్మ మీదా జీవితకాల నిషేధం వేసింది. అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లకు ఐదేళ్ళు. క్రిమినల్ కేసు నడవలేదు, ఏ కోర్టులోనూ శిక్ష పడలేదు.

నవంబర్ 10న ఢాకాలో బంగ్లాదేశ్‌తో భారత్ తర్వాతి టెస్టు ఆడింది. బంగ్లాదేశ్‌కు అదే మొట్టమొదటి టెస్టు, గంగూలీకి టెస్టు కెప్టెన్‌గా మొదటిది. అజహర్ జట్టులో ఉండి ఉంటే అది అతని నూరోది. గావస్కర్, వెంగ్‌సర్కార్, కపిల్‌దేవ్ తర్వాత నాలుగో భారతీయుడయ్యేవాడు. ఆ లెక్కలో హైదరాబాద్ పేరు చేరేది. చేరలేదు.

మూడు అరలు

పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో, ఆ ఊళ్ళో విన్న మాటలను అరల్లో పెడితే మూడు అరలు నిండుతాయి.

మొదటి అరలో 'మనవాడు' అన్నవాళ్ళు. "అందరూ చేసిందే, ఈయనే దొరికినాడు" అన్నది వీళ్ళ మాట. ఈ మాట నిర్దోషి అనడం కాదు. తప్పును సంతలో పంచినట్టు పదిమందికీ పంచి, మనవాడి వాటా చిన్నది చేయడం. అజహర్ కూడా ఒక దశలో తాను మైనారిటీ కావడం వల్లే గురిపెట్టారన్నాడు, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పాడు. ఆ మాట వెనక్కి తీసుకున్నా జనంలో నాటుకుపోయింది. కొందరికి అది ఆసరా అయింది, కొందరికి ఆయుధం అయింది.

రెండో అరలో మోసపోయామన్న వాళ్ళు. వీళ్ళ కోపానికి మూలం ప్రేమే. 1996 మార్చి 13 ప్రపంచకప్ సెమీఫైనల్ రాత్రి గుర్తుందా? ఈడెన్‌లో టాస్ గెలిచి అజహర్ ఫీల్డింగ్ తీసుకున్నాడు. శ్రీలంక 251. మనం 120కి 8. జనం సీసాలు విసిరి, మంటలు పెడితే మ్యాచ్ శ్రీలంకకు ఇచ్చేశారు. వినోద్ కాంబ్లీ 10 పరుగులతో ఏడుస్తూ బయటికొచ్చాడు. ఊరి పేరుకూ అతని పేరుకూ పలకడంలో కొంచెమే తేడా కాబట్టి మా వాళ్ళు ఇప్పటికీ "ఆ రోజు కాంబ్లీతో పాటు కంప్లీ ఏడ్చింది" అని ఎగతాళి చేసుకుంటారు. 2011లో కాంబ్లీ టీవీలో ఆ టాస్ నిర్ణయం మీద అనుమానం వెలిబుచ్చాడు. అది జట్టంతా కలిసి తీసుకున్న నిర్ణయమని అజహర్ కొట్టిపారేశాడు. అనుమానానికి రుజువు లేదు. అయితే రుజువు లేని అనుమానం కూడా పాత కన్నీళ్ళను పాడుచేయగలదు. మ్యాచ్ ఓడితే మర్చిపోతాం, అప్పుడు ఏడ్చిన ఏడుపు వృథా అనుకోవాలంటే కష్టం.

మూడో అర పెద్దది. అందులో ఉన్నవాళ్ళు "ఆట వేరప్పా, మనిషి వేరు" అంటారు. నిజంగా వేరు చేయగలిగి అనరు, వాదన ఆపడానికి అంటారు.

వోటు దగ్గరికొస్తే లెక్క ఇంకోలా ఉంది. నిషేధం ఉండగానే 2009లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ అజహర్‌ను లోక్‌సభకు పంపింది. 2014లో రాజస్థాన్‌లో ఓడాడు, 2023లో జూబ్లీహిల్స్‌లో ఓడాడు. నిషేధం వేసిన అదే క్రికెట్ లోకం 2019లో అతన్ని హైదరాబాద్ సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది. 2025 అక్టోబర్ 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. అంతకు ముందు, 2018 నవంబర్లో, ఈడెన్‌లో మ్యాచ్ మొదలవుతూ గంట కొట్టడానికి అజహర్‌ను పిలిస్తే గౌతం గంభీర్ బాహాటంగా తప్పుపట్టాడు. క్షమించిన వాళ్ళూ, క్షమించని వాళ్ళూ ఒకే స్టేడియంలో పక్కపక్క సీట్లలో కూర్చుంటున్నారు.

ఈ విషయంలో దక్షిణాఫ్రికా కూడా మనలాగే ఉంది. క్రోన్యే స్వయంగా ఒప్పుకున్నాడు. 2002లో విమాన ప్రమాదంలో పోయాడు. రెండేళ్ళకు అక్కడ జనం వోట్లతో 'మహా దక్షిణాఫ్రికన్ల' జాబితా వేస్తే అతనికి పదకొండో స్థానం ఇచ్చారు.

బంతి మీద నక్షత్రం

ఇలాంటి గొడవను తూకం వేసి మరీ పడినవాళ్ళు అమెరికన్లు. వాళ్ళ బేస్‌బాల్ మన బిళ్ళంగోడుకు దూరపు చుట్టం. కొట్టిన బంతి కంచె దాటి జనంలో పడితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. జీవితంలో ఎక్కువ హోమ్ రన్లు ఎవరివన్నది ఆ దేశంలో అన్నిటికంటే పవిత్రమైన లెక్క.

బేబ్ రూత్ 714. దాన్ని 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ దాటాడు. తెల్లవాడి రికార్డును నల్లవాడు దాటుతాడా అని ఆరన్‌కు చంపుతామన్న ఉత్తరాలు సంచుల కొద్దీ వచ్చాయి. ఏ తప్పూ చేయనివాడికి జరిగిన మర్యాద అది. ఆరన్ 755 దగ్గర ఆగాడు.

ఆ 755ను తరిమినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు బ్యారీ బాండ్స్. అతనూ నల్లవాడే. 2001లో ఒకే సీజన్‌లో 73 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టాడు. అప్పటికే అతని ఒళ్ళు పెరిగిన తీరు చూసి జనం గుసగుసలాడారు. 2003లో బాల్కో అనే ల్యాబ్ మీద దర్యాప్తు మొదలై, ఆటగాళ్ళకు నిషిద్ధ మందులు అందిన సంగతి బయటపడింది. తెలిసి వాడలేదని బాండ్స్ ప్రమాణం చేసి చెప్పాడు. పత్రికల వాళ్ళతో మంచిగా మాట్లాడే అలవాటు కూడా లేనివాడు. వేరే ఊళ్ళలో ఆడితే జనం ఈలలు వేసి వెక్కిరించేవాళ్ళు, నక్షత్రం గుర్తు గీసిన అట్టలు ఊపేవాళ్ళు. లెక్కల పుస్తకంలో అంకె పక్కన ఆ గుర్తు పడిందంటే 'కింద ఒక మాట ఉంది, చూసుకోండి' అని అర్థం. సొంత ఊళ్ళో మాత్రం లేచి నిలబడి చప్పట్లు.

2007 మే నెల సర్వే ఒకటి ఈ విషయాన్ని బట్టలిప్పి చూపించింది. బాండ్స్ రికార్డు బద్దలు కొట్టాలని కోరుకున్న అభిమానులు నల్లవాళ్ళలో 74 శాతం, తెల్లవాళ్ళలో 28 శాతం. ఇద్దరి ముందూ ఉన్న సాక్ష్యం ఒకటే. మందుల సంగతి అడిగితే, ఆరన్‌కు వచ్చిన ఉత్తరాలు కూడా జవాబులో కలిసి వచ్చాయి.

ఆగస్టు 7న 756వది సొంత మైదానంలో పడింది. ఆ రాత్రి బేస్‌బాల్ కమిషనర్ అక్కడ లేడు. ఆరన్ అభినందన మాత్రం స్టేడియం తెర మీద వీడియోగా వచ్చింది. జనంలో పడ్డ ఆ బంతిని వేలం వేస్తే మార్క్ ఎకో అనే ఫ్యాషన్ వ్యాపారి 7,52,467 డాలర్లకు కొన్నాడు. దాన్ని ఏం చేయాలో మీరే చెప్పండని జనాన్ని వోటు అడిగాడు. ఉన్నదున్నట్టు కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఇవ్వాలా, నక్షత్రం గుర్తు ముద్ర వేసి ఇవ్వాలా, రాకెట్టులో పెట్టి చంద్రుడి మీదికి పంపాలా? దాదాపు కోటి వోట్లు పడ్డాయి. 47 శాతం ముద్ర వేయమన్నారు. 34 శాతం అలాగే ఇమ్మన్నారు. 19 శాతం చంద్రుడి మీదికి అన్నారు. ముద్ర పడింది. ఇప్పుడు ఆ బంతి ఆ గుర్తుతోనే కూపర్స్‌టౌన్‌లో ఉంది.

బాండ్స్ 762 దగ్గర ఆగాడు. న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో ఒక అభియోగం రుజువైంది, 2015లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే చట్టం చేతిలో ఏమీ మిగల్లేదు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌కు బేస్‌బాల్ రచయితలు వేసే వోటింగ్‌లో, 2022లో తన ఆఖరి అవకాశంలో, 66 శాతం వోట్లే వచ్చాయి. 75 కావాలి.

మాళిగ తలుపు

మన కథలోనూ కోర్టు అదే పని చేసింది. 2003లో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నిషేధం సరేనంది. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టేసింది. అప్పటికి అజహర్ వయసు 49 ఏళ్ళ 9 నెలలు. కుమార రాముణ్ణి మంత్రి మాళిగలోంచి తీసేసరికి శత్రువు గుమ్మంలో ఉన్నాడు, కత్తి పట్టడానికి పని ఉంది. అజహర్ మాళిగ తలుపు తెరుచుకునేసరికి యుద్ధం ముగిసి పన్నెండేళ్ళయింది.

చట్టానికి ఇందులో పట్టు దొరకదన్నది బళ్ళారికి దగ్గర నుంచి తెలుసు. మన జిల్లా పేరు పెట్టుకున్న బళ్ళారి టస్కర్స్ 2019 కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫైనల్లో ఓడింది. ఆ ఫైనల్లో డబ్బు తీసుకుని నెమ్మదిగా ఆడారన్న ఆరోపణతో జట్టులో ఇద్దరిని ఆ నవంబర్లో బెంగళూరు పోలీసులు అరెస్టు చేశారు. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు కేసు కొట్టేసింది. ఫిక్సింగ్ అన్నది ఉన్న చట్టం ప్రకారం మోసం నేరం కిందికి రాదని, ఆటగాడు తప్పు చేస్తే చర్య తీసుకోవాల్సింది బోర్డు అని తేల్చింది. టికెట్ కొన్నవాడికి మోసపోయానని అనిపిస్తుంది. శిక్షాస్మృతిలో ఆ అనిపించడానికి సెక్షన్ లేదు.

అందుకే తీర్పు చెప్పే పని టీకొట్టుకు వచ్చి పడింది. చట్టం చేయలేనిది మేం చేస్తామని కూర్చున్నాం. కానీ మేం తీర్పు చెప్పడం లేదు. ఎవరూ చూడని గదిని ఎవరికి తోచింది తెచ్చి నింపుతున్నాం. పెద్దాయన ఆ గదిలో తన ఊరి పక్క పిల్లవాడికి జరిగిన అన్యాయం పెట్టాడు. క్యాంపు రైతు, పంట అమ్మిన ప్రతిసారీ తూకంలో పోయిన బస్తాలన్నీ పెట్టాడు. "చూసినప్పుడు రాయి తీసేస్తాడు, రాసినప్పుడు వేస్తాడండీ" అని దళారి గురించి చెప్పిన గొంతూ, అజహర్ గురించి చెప్పిన గొంతూ ఒకటే. నేను ఏం పెట్టానో చెప్పడం న్యాయం. మణికట్టు నొప్పి పెట్టాను. అతను దోషి అయితే ఆ పసుపు కట్టు కూడా అబద్ధమవుతుందేమోనని భయపడ్డాను.

ఇన్నాళ్ళకు ఒకటి తేల్చుకున్నాను. ఆ భయం అక్కర్లేదు. దోషి అయినా నా కట్టు అబద్ధం కాదు. నిర్దోషి అయినా ఆ అనుమానపు ఏళ్ళు తిరిగి రావు. చూసింది చూసినట్టు ఉంచుకోవచ్చు, చూడనిదాని మీద ప్రమాణం చేయకుండా ఉండొచ్చు. వినడానికి తేలిగ్గా ఉన్నా అభిమానికి ఇంతకంటే కష్టమైన పని లేదు.

అమెరికా వాళ్ళు బంతి మీద నక్షత్రం చెక్కారు. మన దగ్గర ఎవరూ ఏమీ చెక్కలేదు. 99 అన్న అంకెనే అలా వదిలేశాం. రికార్డు పుస్తకంలో దాని పక్కన గుర్తు లేదు, కింద మాట లేదు. అయినా ఆ అంకె చదివిన ప్రతివాడూ ఒక క్షణం ఆగుతాడు. వంద అయి ఉంటే ఆగకుండా పోయేవాడు.

అంకెల్లో అజహర్

టెస్టులు: 99. పరుగులు 6,215. సెంచరీలు 22. సగటు 45.03. అత్యధికం 199.

వన్డేలు: 334. పరుగులు 9,378. సెంచరీలు 7.

కెప్టెన్‌గా: 47 టెస్టుల్లో 14 గెలుపులు, 174 వన్డేల్లో 90 గెలుపులు.

ఆఖరి టెస్టు: బెంగళూరు, 2000 మార్చి. ఆఖరి వన్డే: ఢాకా, 2000 జూన్ 3.

చివరిగా

ఆ సాయంత్రం వాదన తేలలేదు. టీకొట్టు కుర్రాడికి ఇరవై నిండలేదు. అజహర్ ఆడగా ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు పెద్దవాళ్ళూ అరుచుకుంటుంటే ఫోన్‌లో వెతికి ఒక పాత వీడియో పెట్టి బల్ల మీద నిలబెట్టాడు. రంగులు వెలిసిన ఈడెన్, తెల్లచొక్కా, లేపిన కాలరు. ఆఫ్ స్టంప్ బయట బంతి. అది మిడ్‌వికెట్‌కు ఎలా పోయిందో ఫోన్ తెరలో కనిపించలేదు, పోయింది.

"ఏం చేసినాడు మామా ఇప్పుడు?" అన్నాడు కుర్రాడు.

పెద్దాయన, క్యాంపు రైతు ఇద్దరూ ఒకేసారి కుడిచేయి గాల్లోకి లేపి, మణికట్టు తిప్పి చూపించారు.